ఊరిని అడిగి

ఈ వేళ ఊరి రోడ్ల గురించి మాట్లాడదామని వచ్చాను. ఏ రోడ్డు ఎవరి చేతిలో ఉంది, దాని పక్కన బండి ఎక్కడ ఆపాలి, దాన్ని తవ్వాలంటే ఎవర్ని అడగాలి, బండి తిప్పాలంటే పర్మిట్ ఎందుకు? ఇవన్నీ ఆఫీసు కాగితాల వ్యవహారంలా వినిపిస్తాయి. నాకు మాత్రం ఈ విషయం ఒక గుంతతో మొదలైంది.

నేను ఇంటర్ చదివే రోజులవి. కృష్ణా జిల్లా చల్లపల్లిలో మా బజారుకు పంచాయతీ వారు మంచినీళ్ళ గొట్టం వేశారు. గొట్టం రోడ్డుకు అవతలి పక్కన, మా ఇల్లు ఇవతలి పక్కన. మా నాన్న ఒక మనిషిని పిలిపించి, మధ్యాహ్నం పూట కంకర రోడ్డుకు అడ్డంగా కాలవ తవ్వించారు. గొట్టం దించారు, మట్టి తోశారు, కాళ్ళతో తొక్కారు. సాయంత్రానికి ఇంట్లో కుళాయి తిరిగింది. అమ్మ మొదటి బిందెకు పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాలుగు వానలు పడేసరికి ఆ మట్టి కుంగింది. ఒక రోజు తెల్లవారుజామున మాకు పాలు పోసే బాబాయి సైకిలు ముందు చక్రం అందులో దిగబడింది. క్యాన్లు ఒరిగిపోయాయి. ఆయన మణికట్టు విరిగింది. మేము దీపం పట్టుకుని బయటికి పరుగెత్తేసరికి బురదలో పాలు తెల్లగా పారుతున్నాయి. ఆయన మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. "చీకట్లో చూసుకోలేదబ్బాయ్" అన్నాడు, అంతే.

మా నాన్న ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించారు. ఆ రోజంతా అన్నం సరిగా తినలేదు. రాత్రి పడుకోబోయే ముందు నాతో అన్నారు: "కుళాయి మన ఇంటికేగా, రోడ్డు మన గుమ్మం ముందుదేగా, ఇంకెవర్ని అడగాలి అనుకున్నానురా."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. అనుమతి అంటే ఒక ఆఫీసరు సంతకం అనుకుంటాం. ఆ ఆఫీసరుకు మా కాలవతో వచ్చే నష్టం ఏముంది? నష్టం చీకట్లో సైకిలు మీద వచ్చే మనిషిది. ఆయన్ని మనం ఇంటింటికీ వెళ్ళి అడగలేం, ఎవరెవరు ఆ దారిన పోతారో మనకు తెలియదు కాబట్టి. వాళ్ళందరి తరఫున అడిగించుకోవడానికి ఊరు ఒక చోటు పెట్టుకుంది. దాని పేరు పంచాయతీ ఆఫీసు. కాగితం మీద సెక్రటరీ గారి పేరు రాస్తాం గాని, అడిగేది ఊరిని.

అడగాలంటే ముందు ఎవరి రోడ్డో తెలియాలి. చల్లపల్లి సెంటరులో నిలబడి చూడండి. బందరు నుంచి వచ్చి మోపిదేవి మీదుగా పులిగడ్డ వైపు పోయేది 216వ నంబరు జాతీయ రహదారి. కత్తిపూడి దగ్గర మొదలై ఒంగోలు దాకా తీరం వెంట పోతుంది. అది కేంద్ర ప్రభుత్వానిది. కొన్ని రోడ్లు రాష్ట్ర ఆర్ అండ్ బీ శాఖవి. పక్క పల్లెలకు పోయే రోడ్లలో కొన్ని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ చూస్తుంది. ఇక ఊరి లోపలి బజార్లు, సందులు, డొంకలు గ్రామ పంచాయతీవి. పది నిమిషాలు నడిస్తే నలుగురు యజమానుల రోడ్లు దాటుతాం. రోడ్డు మీద ఆ గీతలు కనపడవు. అందుకే గుంత పడితే మనం పంచాయతీకి వెళ్ళడం, వాళ్ళు ఇది ఆర్ అండ్ బీ వారిదనడం, ఆర్ అండ్ బీ వాళ్ళు ఇది హైవే వారిదనడం. తిరిగి తిరిగి మనిషి విసిగిపోతాడు. నా అభిప్రాయం ఒకటే: ఊళ్ళోకి వచ్చే ప్రతి రోడ్డు మొదట్లో, ఇది ఫలానా శాఖ రోడ్డు, గుంత పడితే ఫలానా చోట చెప్పండి అని ఒక పలక పాతాలి. పెద్ద ఖర్చేమీ కాదు. ఎన్ని ఊళ్ళవాళ్ళ తిరుగుడు తప్పుతుందో!

పంచాయతీ బాధ్యత గురించి చట్టంలో సందేహం లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్‌లో గ్రామ పంచాయతీ తప్పనిసరిగా చేయాల్సిన పనులున్నాయి. తన పరిధిలోని రోడ్లు, వంతెనలు, కాలవలు బాగుచేయడం, వీధి దీపాలు వెలిగించడం, వీధులు ఊడ్పించడం అందులోవే. డబ్బుల్లేవనే జవాబు మనం తరచుగా వింటాం. పంచాయతీల కష్టం నాకు తెలుసు. ఇంటి పన్ను కట్టమని ఇంటింటికీ తిరిగే సిబ్బందిని చూశాను. అయినా ఆ జవాబు ఎంతవరకు చెల్లుతుందో సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. మధ్యప్రదేశ్‌లో రత్లాం అనే పట్టణం. అక్కడ ఒక పేటవాళ్ళు మురుగు కాలవల్లేక, మలమూత్రాలు వీధిలో పారుతుంటే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. మా దగ్గర సొమ్ము లేదని మునిసిపాలిటీ ఢిల్లీ దాకా వాదించింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వాదన ఒప్పుకోలేదు. జనం ఆరోగ్యం కాపాడే కనీస బాధ్యతకు ఖజానా ఖాళీ అన్నది సాకు కాదని తీర్పు ఇచ్చారు. ఆ పేటవాళ్ళు వాడుకున్నది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్. 2024 జులై నుంచి వచ్చిన కొత్త చట్టంలో అదే 152. దారికి అడ్డంకి, జనానికి కీడు ఉంటే ఆర్డీఓ ముందుకు ఇప్పటికీ వెళ్ళవచ్చు.

బండ్లు ఆపే సంగతికి వస్తాను. ఇది మోటార్లతో వచ్చిన తంటా అనుకుంటాం గాని, ఎడ్లబండ్ల నాడే ఉంది. సంతకు వచ్చిన బండి ఎక్కడ విప్పాలి, ఎడ్లకు నీళ్ళు ఎక్కడ? పాత మద్రాసు రాష్ట్రపు స్థానిక సంస్థల చట్టాల్లోనే బండ్ల స్టాండు అనే మాట ఉంది. పంచాయతీ ఒక చోటు చూపించాలి, బాగుచేయాలి, దానికి రుసుము తీసుకోవచ్చు. ఆశీలు అని మనం పిలిచేది ఇలాంటిదే. ఏటా వేలం పెడతారు, పాట పాడుకున్నవాడు వసూలు చేసుకుంటాడు. రోడ్ల మీద టోలుగేట్లు కూడా లోకల్ బోర్డులవే ఉండేవి. 1931లో మద్రాసు ప్రభుత్వం మోటారు వాహనాల పన్ను చట్టం తెచ్చి ఆ గేట్లు ఎత్తేసింది, పోయిన ఆదాయానికి బోర్డులకు పరిహారం ఇచ్చింది. అంటే బండివాడు దారికి డబ్బు ఇవ్వడం మనకు కొత్త కాదు. ఇచ్చిన డబ్బుకు చోటు దక్కాలన్నదే అప్పుడూ ఇప్పుడూ తగాదా.

నా చిన్నతనంలో లక్ష్మీపురం చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరకు బండ్లు రోడ్డు వారన బారులు తీరేవి. ఎడ్ల మెడల్లో గంటలు వింటూ మేము బడికి పోయేవాళ్ళం. ఎంత పొడుగు బారైనా నడిచేవాడికి దారి ఉండేది. ఇప్పుడు రోడ్డు మూడింతలు వెడల్పయింది, నడిచేవాడికి దారి పోయింది. 2006లో పులిగడ్డ – పెనుమూడి వారధి తెరిచాక ఇది మరీ తెలిసివచ్చింది. అంతకు ముందు రేపల్లె వెళ్ళాలంటే రేవులో పడవ కోసం చూసేవాళ్ళం. వారధి మనకు మేలు చేసింది, అందులో రెండో మాట లేదు. దాంతోపాటే విజయవాడ తగలకుండా ఒంగోలు నుంచి కాకినాడ పోయే లారీ కూడా మన సెంటరులోకి వచ్చింది. అదే సెంటరులో ఆటోలు, పూల బుట్టలు, పండ్ల బండ్లు, బ్యాంకు ముందు మోటారు సైకిళ్ళు, బస్సు కోసం నిలబడ్డ పిల్లలు.

వీళ్ళలో ఎవర్ని పొమ్మంటాం? పండ్ల బండి అమ్మకు అదే బతుకు. ఆటో అతను సవారీ దొరికే చోటనే ఉంటాడు. అందుకే రోడ్డు వార స్థలాన్ని లెక్కపెట్టి పంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ఈ పనికే ఉంది. బండ్లు ఆపే చోట్లు, స్టాండ్లు నిర్ణయించే అధికారి ఆ ప్రాంతపు స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలి. చల్లపల్లిలో అయితే ఆ స్థానిక సంస్థ మన పంచాయతీ. అది తీర్మానం చేసి పంపితే, ఆటోలకు ఇంత చోటు, మోటారు సైకిళ్ళకు ఇంత, బడి గేటు ముందు ఏదీ ఆగరాదు అని రాయించుకోవచ్చు. ఇలాంటి తీర్మానం మనం గ్రామసభలో అడిగామా? 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. ఆ అక్టోబరులో కంకిపాడులో మొదలుపెట్టిన పల్లె పండుగ కార్యక్రమం కింద సిమెంటు రోడ్లు మంజూరయ్యాయి. కొత్త రోడ్డు అందరం అడుగుతాం. వేసిన రోడ్డు మీద ఏది ఎక్కడ ఆగాలని కూడా లేచి నిలబడి అడగాలి.

బండికి చోటు విషయంలోనే ఇంకో మాట. జపాన్‌లో 1962లో ఒక చట్టం చేశారు. అక్కడి పట్టణాల్లో కారు కొనేవాడు, దాన్ని నిలుపుకోవడానికి తనకు రోడ్డు కాని చోటు ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తేవాలి. అది ఉంటేనే కారు రిజిస్టరవుతుంది. మన దగ్గర రెండు సెంట్ల ఇంటికి కూడా కారు వస్తోంది. రాత్రికి అది బజారులో పడుకుంటుంది, అంబులెన్సు బజారు మొదట్లో ఆగిపోతుంది. జపాన్ చట్టం ఇక్కడ అచ్చంగా దించమని నేను అనడం లేదు. ఇల్లు కట్టుకునేటప్పుడు బండికి చోటు వదిలారా లేదా అని ప్లాను చూసేవాళ్ళు గట్టిగా అడిగితే చాలు.

ఇక వడ్ల సంగతి. దీని మీద తీర్పు చెప్పడానికి నాకు మనసొప్పదు, అయినా చెప్పకుండా పోలేను. డిసెంబరు వస్తే మన దివిసీమ రోడ్లన్నీ పచ్చగా, బంగారంలా ఉంటాయి. సగం రోడ్డు వడ్లు, పక్కన రాళ్ళు, చివర ఒక కొమ్మ. రాత్రి పూట ఆ రాళ్ళ మీద బండి ఎక్కి పడ్డవాళ్ళున్నారు. రైతుకు బుద్ధి లేదా అంటారు కొందరు. ఆ మాట అనేవారికి సేద్యం తెలియదు. మా తాతల నాడు కొడవలితో కోసి, పనల మీద ఆరనిచ్చి, కుప్ప వేసి, తీరుబడిగా కళ్ళంలో నూర్చేవాళ్ళు. గింజ కుప్పలోనే ఆరేది. ఇప్పుడు కూలీలు దొరకరు. కోత మిషను పొద్దున దిగితే మధ్యాహ్నానికి చేను ఖాళీ, పచ్చి గింజ ట్రాక్టరులో. ఆ గింజ ఎక్కడ ఆరాలి? పొలంలో అప్పటికే మినుము చల్లి ఉంటుంది, అడుగు పెట్టడానికి లేదు. కళ్ళాల జాగాలు ఇళ్ళ స్థలాలయ్యాయి. తేమ నూటికి 17 దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. మబ్బు పడితే గుండె దడ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ డెల్టాలో రోడ్ల మీద, చేలల్లో ఎంత ధాన్యం తడిసిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. అలాంటి మనిషికి నున్నగా, ఎండకు కాగి ఉన్న తారురోడ్డు కంటే మంచి కళ్ళం ఏది?

అందుకే పాపం రైతు ఒక్కడి మీద వెయ్యడం న్యాయం కాదు. హైవే మీద వడ్లు పొయ్యడం ప్రాణాపాయం, మానాలి. మానాలంటే ఊరు ఇంకో చోటు చూపించాలి. పంచాయతీ పోరంబోకు ఉన్న చోట ఊరుమ్మడి కళ్ళం కట్టుకోవచ్చు. అంతవరకు బస్సులు తిరగని డొంక రోడ్డు ఒకటి, పగటి పూటకు, ఇన్ని రోజులకని పంచాయతీ పోలీసువారితో మాట్లాడి కేటాయించవచ్చు. సాయంత్రానికి రాళ్ళు తీసెయ్యాలి. ఇది కూడా అనుమతే. కాదనడానికే అనుమతి అనుకుంటాం గాని, దాని మంచి ఉపయోగం ఇదీ: నువ్వు ఇక్కడ, ఇంతసేపు, ఇలా వాడుకో, మిగతావాళ్ళకు మేము చెబుతాం అని భరోసా ఇవ్వడం. పెళ్ళికి బజారు మీద వేసే షామియానా, ఇల్లు కట్టేటప్పుడు పోసే ఇసుక, కంకర, వినాయక చవితి పందిరి – అన్నిటికీ ఇదే లెక్క.

పర్మిట్ల గురించి రెండు మాటలు. ఇవి పంచాయతీ ఇచ్చేవి కావు, రవాణా శాఖవి. ఆటోకు, ట్యాక్సీకి, కిరాయికి తిరిగే బస్సుకు, పెద్ద లారీకి కావాలి. మొత్తం బరువు 3,000 కిలోలు మించని చిన్న సరుకుల బండికి చట్టమే పర్మిట్ మినహాయించింది. బ్యాటరీతో నడిచే కిరాయి బండ్లకు కూడా 2018 అక్టోబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఈ రెండూ తెలియక దళారుల చేతిలో డబ్బు పోసే కుర్రాళ్ళు ఉన్నారు. ఆఫీసు కిటికీ దగ్గరే అడగండి.

ఈ పర్మిట్ల మీద మన కృష్ణా జిల్లా దేశానికే ఒక పాఠం నేర్పిన కథ ఉంది. 1957లో జిల్లాలోని ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే స్కీము వచ్చింది. అప్పటిదాకా పర్మిట్లతో బస్సులు తిప్పుతున్నవాళ్ళు అభ్యంతరాలు పెట్టారు. వాళ్ళ మాటలు విన్నది శాఖ కార్యదర్శి. చివరి ఆమోదం ఇచ్చింది ఆ శాఖ చూస్తున్న ముఖ్యమంత్రి. బస్సు యజమాని గుల్లపల్లి నాగేశ్వరరావు, ఆయనతో మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావు. ఒకరు వినడం, ఇంకొకరు తేల్చడం కుదరదు, విన్నవాడే తేల్చాలి, లేకపోతే వినడమనేది ఉత్త తంతు అయిపోతుందని ఆ తీర్పు సారం. స్కీము ఆమోదం కొట్టేశారు. తర్వాత ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారు స్వయంగా కూర్చుని అందరి వాదనలూ విని మళ్ళీ ఆమోదించారు. బస్సు యజమానులు మళ్ళీ కోర్టుకు వెళ్ళారు, 1959లో ఈసారి స్కీము నిలబడింది. జిల్లాలో ఎర్ర బస్సు తిరిగింది.

బస్సు యజమానులు చివరికి ఓడిపోయారు కదా అనవచ్చు. నేను అలా అనుకోను. వాళ్ళ మాట తేల్చేవాడి చెవిన పడింది. ఈ రోజుకీ న్యాయశాస్త్రం చదివే పిల్లలు దేశమంతటా ఆ బస్సుల కేసు చదువుతున్నారు. మన పంచాయతీ ఆఫీసులో కాగితం ఇచ్చే మనిషికీ ఆ హక్కు ఉంది. తన బజారుకు వచ్చి, తవ్వే చోటు చూసి, పక్కింటివాళ్ళను అడిగి జవాబు ఇవ్వమనే హక్కు. కాగితం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు పోయి, ఎవరూ చూడకుండా ముద్ర పడితే ఊరిని అడిగినట్టు కాదు.

చల్లపల్లి రోడ్ల గురించి మాట్లాడుతూ స్వచ్ఛ చల్లపల్లిని తలవకపోతే ఎలా? 2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు, వారితో మరికొందరు చీపుళ్ళు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో మొదలుపెట్టి పొద్దుపొడిచేదాకా పని. అంతకు ముందు ముక్కు మూసుకుని నడవాల్సిన గంగులవారిపాలెం రోడ్డును పూలమొక్కల రోడ్డుగా చేశారు. గుంతలు పూడ్చారు, మురుగు తీశారు, మార్జిన్లలో చెట్లు పెంచారు. డాక్టర్లు, టీచర్లు, రైతులు, గృహిణులు, రిటైరైన వాళ్ళు ఏళ్ళ తరబడి రోజూ వచ్చారు. మనకోసం మనం అనేది వాళ్ళ ట్రస్టు పేరు. ఆ చీకట్లో తలకు లైటు కట్టుకుని మోకాటి లోతు కాలవలో దిగిన పెద్దమనిషిని చూసినప్పుడు నాకు మా పాల బాబాయి గుర్తొచ్చాడు. చీకట్లో వచ్చే మనిషి పడకూడదని ఇంకెవరో చీకటితోనే లేచి వచ్చారు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. ఊళ్ళో కార్యకర్తలు ఉన్నారు కదా అని ఆఫీసు చేతులు దులుపుకోకూడదు. వాళ్ళు ఊడ్చిన చోటే మధ్యాహ్నానికి చెత్త పోసి, పొద్దున వాళ్ళే తీస్తారులే అనుకునే దుకాణం ముందు నిలబడి నేను బాధపడ్డాను. చీపురు పట్టినవాళ్ళకు రోడ్డు మీద ఎంత హక్కుందో, ఊడ్పించాల్సిన పంచాయతీకి అంత బాధ్యత ఉంది.

కిందటేడు మా పాత కుళాయి గొట్టం పగిలింది. మా నాన్న ఇప్పుడు లేరు. రోడ్డు ఇప్పుడు సిమెంటుది. మా అబ్బాయి అర్జీ రాసి పంచాయతీలో ఇచ్చాడు. రోడ్డు మళ్ళీ వేయడానికి అయ్యే సొమ్ము ముందే కట్టించుకున్నారు. ఇంజనీరింగ్ అసిస్టెంటు వచ్చి టేపుతో కొలిచి, ఎదురింటివాళ్ళతో మాట్లాడి, బడి పిల్లల ఆటో పోయాక తవ్వమన్నాడు. తవ్విన రోజు పని పూర్తి కాలేదు. పొద్దుగూకాక మా అబ్బాయి కాలవకు రెండు వైపులా డ్రమ్ములు పెట్టి, ఎర్ర గుడ్డ కట్టి, ఇంట్లోంచి వైరు లాగి బల్బు వేలాడదీశాడు. రాత్రి మధ్యలో నాకు మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది. ఎవరో సైకిలు దిగి, నడిపించుకుంటూ పక్కగా దాటి, మళ్ళీ ఎక్కి వెళ్ళిపోయారు.